బొమ్మలు గీయడం రాకపోయినా పోస్టరు చేయవచ్చా?

గ్రాఫిక్ డిజైను కొత్తగా నేర్చుకుంటున్న పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. సాదాగా, శుభ్రంగా ఉండే డిజైను చేయాలని అందరికీ ఉంది, పని మొదలుపెట్టగానే చేయి వణుకుతోందన్నది అందరి ఫిర్యాదు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం. మొదటి జవాబు మిగిలినవాటికంటే పొడవుగా ఉంటుంది. అందులో చెప్పిన పని పద్ధతి తెలిస్తే తక్కిన జవాబులు తేలికగా అర్థమవుతాయి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం సందర్భంగా, మా కళాశాల ఎన్.ఎస్.ఎస్. విభాగం రక్తదాన శిబిరం ఏర్పాటు చేస్తోంది. పోస్టరు తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. నాకు బొమ్మలు గీయడం రాదు. సాదా డిజైన్లంటే ఇష్టమే కానీ, తెర మీద ఖాళీ కనబడగానే కంగారు పుట్టి ఒక అంచు, ఒక రక్తపు బొట్టు, రెండు చేతులు, భారతదేశ పటం ఇలా చేరుస్తూ పోయాను. చివరికి అది పెళ్లి శుభలేఖలా ఉందని స్నేహితులు నవ్వారు. పోస్టరులో ఉండవలసిన సమాచారాన్ని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: పోస్టరులో ఏమి చెప్పాలో తేల్చుకోకముందే మీరు కంప్యూటరు ముందు కూర్చున్నారు. మీ కంగారంతా అక్కడే పుట్టింది. ఏది ముఖ్యమో తేలనప్పుడు అన్నీ ముఖ్యమైనవిగానే తోస్తాయి, దేనినీ తీసివేయడానికి ధైర్యం చాలదు, పైగా ఇంకా ఏదో తక్కువైందన్న బెంగ పట్టుకుంటుంది. సాదా డిజైనులోని కష్టం చాలావరకు ఈ తేల్చుకోవడంలోనే ఉంది. దానికి బొమ్మలు గీసే నేర్పుతో పనిలేదు, ఒక కాగితమూ కలమూ చాలు.

మీరు జతచేసిన కాగితంలో శిబిరం పేరు, నినాదం, ముఖ్య అతిథుల పేర్లు, ప్రిన్సిపాల్ గారి పేరు, తేదీ, వేళ, స్థలం, దాతల అర్హతలు, నాలుగు ఫోను నంబర్లు, మూడు సంస్థల చిహ్నాలు ఉన్నాయి. ఇక ఈ పోస్టరును చూసేది ఎవరో ఆలోచించండి. క్యాంటీన్ వైపు వెళుతూ నోటీసు బోర్డును ఒక్క చూపు చూసి సాగిపోయే విద్యార్థి అతను. ఆ ఒక్క చూపులో అతనికి అందవలసినవి రెండే: ఇది రక్తదానం గురించి, అది అక్టోబరు 1న. ఆ రెండూ అతన్ని ఆపగలిగితే అప్పుడు దగ్గరికి వచ్చి వేళ, స్థలం, అర్హత, ఫోను నంబరు చదువుకుంటాడు. అర్హతలను తీసివేయకండి. దాతకు 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. మొదటి సంవత్సరం తరగతుల్లో 18 నిండనివారు కొందరు ఉంటారు కనుక ఆ వాక్యం ఉంటే వారు వరుసలో నిలబడి వెనక్కి వెళ్లే అవసరం తప్పుతుంది. ఫోను నంబర్లు నాలుగింటిలో ఎప్పుడూ ఎత్తేవారి నంబరు ఒక్కటి ఉంచండి. అతిథుల పేర్లు తీసివేయమని మీకు సలహా ఇవ్వడం నాకు తేలికే కానీ, కళాశాలలో ఆ మాట చెల్లించుకోవడం మీకు తేలిక కాదని తెలుసు. కాబట్టి ఆహ్వాన పత్రిక విడిగా చేసి వారి పేర్లను అందులో గౌరవంగా వేద్దామని మీ ప్రోగ్రాం ఆఫీసరు గారికి చెప్పి చూడండి. ఎలాగూ అతిథులకు ఇవ్వడానికి ఒక పత్రిక కావాలి కనుక ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఒక తెల్లకాగితాన్ని మడిచి ఎనిమిది గళ్లు చేయండి. ఒక్కొక్క గడి ఒక పోస్టరు అనుకుని, పెద్ద అక్షరాల చోట మందమైన గీత, చిన్న అక్షరాల చోట సన్నని గీతలు గీసి, వాటిని పైన, కింద, ఎడమన, మధ్యన మార్చి మార్చి పెట్టి చూడండి. మొదటి మూడు గళ్లలో మీరు ఇంతకుముందు చూసిన పోస్టర్లే తిరిగి వస్తాయి. ఆ తరువాతి గళ్లలోనే మీ సొంత ఆలోచన మొదలవుతుంది. ఈ దశలో కంప్యూటరు దగ్గరకు వెళితే రంగులూ ఫాంట్లూ మిమ్మల్ని పక్కదారి పట్టిస్తాయి.

అక్షరాలకు మూడు సైజులు మించి వాడకండి. మీ పోస్టరు ఎ3 కాగితం, అంటే 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. చుట్టూ 25 మిల్లీమీటర్ల అంచు వదలండి. ‘రక్తదానం’ అన్న మాట సుమారు 200 పాయింట్లు, తేదీ 80, మిగిలిన సమాచారమంతా 36 ఉంటే దూరం నుంచి ఏది ముందు చదవాలో, ఏది తరువాత చదవాలో చూసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఫాంటును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ జరగవచ్చు కానీ వాటి మధ్య తేడా మాత్రం గట్టిగా ఉండాలి. ఒక వరుస 36, మరొక వరుస 40 ఉంటే అది మీరు కావాలని చేసిన తేడాలా ఉండదు, చేయి జారినట్టు కనిపిస్తుంది.

తరువాతిది వరుస. మనకు శుభలేఖల అలవాటు వల్ల ప్రతి వరుసనూ కాగితం మధ్యకు చేర్చాలనిపిస్తుంది. పొడవైన వరుస, పొట్టి వరుస, మళ్లీ పొడవైనది మధ్యకు చేరితే రెండు వైపులా అంచులు గజిబిజిగా తయారవుతాయి, వాటిని సర్దడానికి పువ్వో తీగో చేర్చాలనిపిస్తుంది. మీ పోస్టరు శుభలేఖలా మారిన దారి ఇదే. అన్ని వరుసలనూ ఎడమవైపు ఒకే నిలువు గీత నుంచి మొదలుపెట్టండి. చుక్కల ముగ్గులో చుక్కలు ముందు సరిగ్గా పడితే గీత దానంతటదే కుదిరినట్టు, కాగితాన్ని ముందుగా నిలువున నాలుగు, అడ్డంగా ఆరు సమాన భాగాలు చేసి, ప్రతి వస్తువునూ ఆ గీతలకు ఆనించి పెడితే సగం పని అయిపోయినట్టే. కాన్వా అన్న డిజైను యాప్‌లోనూ, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనూ ఇటువంటి సాయపు గీతలు గీసుకునే సౌకర్యం ఉంది. అవి ముద్రణలో రావు.

ఇక బొమ్మ సంగతి. మీకు బొమ్మ అవసరమే లేదు. ‘రక్తదానం’ అన్న మాట చివర సున్న ఉంది. మాట అంతటినీ నల్లగా ఉంచి, ఆ సున్న స్థానంలో నిండుగా ఉన్న ఎర్రని చుక్కను పెడితే చదివేవారికి మాటా అందుతుంది, రక్తపు బొట్టూ కనబడుతుంది. సున్న ముందున్న అక్షరంతో కలిసే ఉంటుంది కనుక చాలా యాప్‌లలో దాని రంగును విడిగా మార్చడం కుదరదు. అందుకని ముందు మాటను పూర్తిగా టైపు చేసి, సున్న మీద దాని బయటి కొలతకు సరిపోయే ఎర్రని వృత్తాన్ని ఉంచి, ఆ తరువాత అసలు మాటలోని సున్నను చెరిపివేయండి. వృత్తం అసలు సున్నకంటే మరీ పెద్దదైనా, ఒక్క పిసరు ఎక్కువ దూరం జరిగినా అది ‘రక్తదాన’ తరువాత పెట్టిన చుక్కలా మిగిలిపోతుంది. కాబట్టి మీ పోస్టరులో ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే. ఎరుపును మరెక్కడా వాడకండి. తేదీని కూడా ఎర్రగా చేద్దామన్న కోరిక తప్పక కలుగుతుంది. చేస్తే చుక్క బలం సగం పోతుంది.

మరొక మాట. ఎర్రని ప్లస్ గుర్తును, అంటే రెడ్‌క్రాస్ చిహ్నాన్ని, అలంకారం కోసం వాడకండి. జెనీవా ఒప్పందాల చట్టం 1960 ప్రకారం మన దేశంలో ఆ చిహ్నానికి రక్షణ ఉంది, అనుమతి లేకుండా ఎవరు పడితే వారు వాడకూడదు. మీరు పంపిన మూడు సంస్థల చిహ్నాలను అడుగున ఒకే ఎత్తులో, ఒకే వరుసలో, చిన్నవిగా పెట్టండి. ఎన్.ఎస్.ఎస్. చిహ్నం కోణార్క్ ఆలయ రథచక్రం ఆధారంగా చేసినది కనుక అందులో సన్నని వివరాలు ఉంటాయి. మరీ కుదిస్తే పూడుకుపోతుంది.

ఇంత చేశాక కాగితం పైభాగంలో సగానికి సగం ఖాళీ మిగిలితే దానిని అలాగే ఉంచండి. నోటీసు బోర్డు మీద చుట్టూ ఉన్న కాగితాలన్నీ అక్షరాలతో నిండి ఉంటాయి కనుక ఆ ఖాళీయే మీ పోస్టరు వైపు చూపు తిప్పుతుంది. చివరగా రెండు పరీక్షలు. తెరకు దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూసినప్పుడు మాట, తేదీ రెండూ తెలియాలి. తరువాత నలుపు తెలుపులో ఒక జిరాక్స్ తీసి చూడండి, ఎందుకంటే రంగు ప్రతులు అయిపోయాక ఎవరో ఒకరు తప్పకుండా జిరాక్సులే అంటిస్తారు. అందులో చుక్క నల్లగా లేదా బూడిద రంగుగా వస్తుంది, అయినా మాట చదవడానికి వీలుగానే ఉండాలి.

ప్రశ్న: పదిహేనేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా బాగా వచ్చు. ఈ మధ్య సాదా డిజైన్లు నేర్చుకోవాలని ప్రయత్నిస్తున్నాను కానీ, ఆ విషయంలో కొత్తవాడికి ఉండే భయమే నాకూ ఉంది. ఖాతాదారులు “ఇంత ఖాళీ వదిలేశారేమిటి, డబ్బులు ఊరికే తీసుకుంటారా?” అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఇది పని తప్పించుకోవడమేమో అనిపిస్తుంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పని తప్పించుకోవడమో కాదో మీ చేతికే తెలుస్తుంది. నిండుగా అలంకరించిన పేజీలో ఒక వరుస రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా ఎవరూ గమనించరు. నాలుగే వస్తువులున్న పేజీలో అదే తేడా కంటిలో నలుసులా గుచ్చుకుంటుంది. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మీకు ఆ తేడాను పట్టుకునే కన్ను ఇప్పటికే ఉంది కనుక, నిజంగా కొత్తగా వచ్చేవారికంటే మీరు ఎంతో ముందున్నారు.

సాదాతనం విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్ అని మీ ఖాతాదారులు అనుకుంటే వారికి ఆరోగ్య కేంద్రం గోడ మీద చూసిన ఎర్ర త్రికోణాన్ని గుర్తుచేయండి. 1960లలో కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణాన్ని, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లల నాలుగు ముఖాలను, ఒక చిన్న నినాదాన్ని దేశమంతటా వాడారు. ఆ ప్రచారానికి రూపం ఇచ్చిన అధికారి ధర్మేంద్ర కుమార్ త్యాగి. చదువు రానివారు ఎక్కువగా ఉన్న, ఇన్ని భాషలు మాట్లాడే దేశంలో ఏ ఊరి గోడ మీదనైనా, ఏ పెయింటరైనా, ఒక్క ఎర్ర రంగు డబ్బాతో తప్పు లేకుండా వేయగలిగిన గుర్తు అది. అందులో మరొక రంగో, ఒక పువ్వో చేర్చి ఉంటే ఊరూరికీ ఒక్కో రకంగా మారిపోయేది. స్టేట్ బ్యాంకు చిహ్నం కూడా అటువంటిదే. 1971లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ చేసిన ఆ నీలి వృత్తమూ, అందులోని తాళపు కన్నమూ పాస్‌బుక్కు మీద ఎంత స్పష్టంగా కనబడతాయో బ్యాంకు బోర్డు మీదా అంతే స్పష్టంగా కనబడతాయి. 2010 జూలైలో ప్రభుత్వం ఆమోదించిన, ఉదయ కుమార్ రూపొందించిన రూపాయి గుర్తును కిరాణా కొట్టులో చీటీ మీద కలంతో రాసుకుంటున్నామంటే దానికీ కారణం అదే.

తక్కువ వస్తువులు ఉన్నప్పుడు ప్రతి దాని మీదా ఎంత బరువు పడుతుందో తెలియడానికి ఆహార పొట్లాల మీది గుర్తులు మంచి ఉదాహరణ. పూర్వం శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు చుక్క ఉండేవి. రెండింటికీ ఆకారం ఒక్కటే కావడం వల్ల రంగుల తేడా పట్టలేని కంటి లోపం ఉన్నవారికి ఏది ఏదో తెలిసేది కాదు. 2020 నాటి నిబంధనలలో మాంసాహారపు గుర్తును చతురస్రంలోని త్రికోణంగా మార్చారు. కొత్త రంగు గానీ కొత్త అక్షరం గానీ చేరలేదు, ఆకారం ఒక్కటి మారింది, ఇబ్బంది తీరింది.

ఖాతాదారుతో వాదన పెట్టుకోకండి. అదే సమాచారంతో ఒకటి నిండుగా, ఒకటి సాదాగా ప్రింటు తీసి, మీ దుకాణం ఎదుటి గోడకు అంటించి, రోడ్డు అవతలి నుంచి చూడమనండి. దుకాణం పేరూ ఫోను నంబరూ ఏ ప్రతిలో చదవగలిగారో ఆయనే చెబుతారు. అలాగని వచ్చిన ప్రతి పనినీ సాదాగా మార్చనక్కరలేదు. పెళ్లి శుభలేఖకు, జాతర పోస్టరుకు, దసరా ఫ్లెక్సీకి నిండుదనమే అందం, అక్కడ ఖాళీ వదిలితే లోటుగానే కనబడుతుంది. క్లినిక్ బోర్డు, విజిటింగ్ కార్డు, బడి ప్రవేశాల కరపత్రం వంటివాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మా అపార్టుమెంట్లలోని తెలుగువారి సంఘం కార్యక్రమాలకు పోస్టర్లు చేస్తుంటాను. ఇంగ్లీషులో చేసినప్పుడు తీరుగా ఉన్న డిజైను తెలుగులోకి మార్చగానే ఇరుకుగా, బరువుగా తయారవుతుంది. ఒక్కోసారి వత్తులు విడిపోతాయి. ఏ ఫాంట్లు వాడాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇంగ్లీషు అక్షరాలకు పైనా కిందా దొరికే చోటు తెలుగు అక్షరాలకు చాలదు. గుడులు, ఏత్వాలు పైకి వెళతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకు కుదిరిన వరుసల దూరాన్ని అలాగే ఉంచితే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకి, పేజీ అంతా ఇరుకైపోతుంది. తెలుగుకు వరుసల మధ్య దూరాన్ని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుకోండి. అక్షరాల మధ్య దూరాన్ని మాత్రం ముట్టుకోకండి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలను ఎడంగా పరిస్తే హుందాగా ఉంటుంది కానీ తెలుగు మాటను అలా సాగదీస్తే ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. పెద్దబడి అక్షరాలు మనకు లేవు కనుక ముఖ్యమైన మాటను సైజుతోనో మందంతోనో వేరుచేయాలి. ఆ రెండింటిలో ఒక్కదానినే వాడండి.

ఫాంట్ల విషయంలో మీరు అదృష్టవంతులు. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండింటిలోనూ సన్నని వాటి నుంచి బాగా మందమైన వాటి వరకు ఎన్నో మెట్లు ఉన్నాయి. ఒక్క అనేక్ తోనే శీర్షికా, చిన్న అక్షరాలూ, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలూ అన్నీ నడిపించవచ్చు. పెద్ద శీర్షికకు కొంచెం తెలుగుతనం ఉట్టిపడాలంటే సిలికానాంధ్ర వారు వెలువరించిన ఫాంట్లలో రామభద్ర బాగుంటుంది, మామూలు పాఠానికి అదే వరుసలోని మండలి హాయిగా చదివిస్తుంది. ఒక పోస్టరులో ఒక ఫాంటు, తప్పదనుకుంటే రెండు. మందం ఒక్కటే ఉన్న ఫాంటు మీద బోల్డ్ మీట నొక్కకండి. సాఫ్ట్‌వేరు అక్షరాన్ని కృత్రిమంగా ఉబ్బిస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోయి, అచ్చులో ఏ అక్షరమో పోల్చుకోవడం కష్టమవుతుంది.

వత్తులు విడిపోవడం డిజైను తప్పు కాదు. పాత ఫోటోషాప్ వంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు మామూలు అమరికలో భారతీయ లిపులను సరిగా కూర్చలేవు. టైపు సెట్టింగులలో ‘వరల్డ్ రెడీ’ లేదా దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకుంటే సరిపోతుంది. ప్రింటింగ్ ప్రెస్సులో వచ్చే చిక్కు మరొకటి. మీరు ఫోనులో టైపు చేసేది యూనికోడ్, అంటే ఇప్పుడు అన్ని పరికరాలూ గుర్తించే అక్షరాల సంకేత పద్ధతి. మన ఊళ్లలో చాలా ప్రెస్సులు ఇప్పటికీ ఆ పద్ధతికి చెందని ‘అను’ ఫాంట్లతో పనిచేస్తాయి. మీ పాఠాన్ని అక్కడ అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు, అక్కడే అచ్చుతప్పులు దొర్లుతాయి. అందుకని పోస్టరును పూర్తిచేసి, అక్షరాలను ఫాంటు అవసరం లేని బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ రూపంలో ఇవ్వండి. కర్వ్స్ చేశాక అక్షరాలను దిద్దడం కుదరదు కాబట్టి, దిద్దుకునే ప్రతిని మీ దగ్గర వేరే పేరుతో దాచుకోండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ లేదు. ఫోనులోనే నేర్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నేర్చుకోవచ్చు. చతురస్రాకారపు 1080 పిక్సెళ్ల పోస్టులు, వాట్సాప్‌లో పంపే ఆహ్వానాలు ఫోనులో చక్కగా చేయవచ్చు. చిన్న తెర వల్ల ఒక మేలు కూడా ఉంది, ఎక్కువ వస్తువులు పెట్టడానికి చోటు ఉండదు. అయితే ఎ4 కాగితం మీద అచ్చు వేయాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు కావాలి, కాబట్టి పని మొదలుపెట్టేటప్పుడే ఆ కొలత ఎంచుకోండి. ప్రెస్సుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించివేస్తుంది; డాక్యుమెంటుగా పంపండి. తెర మీద మెరిసే లేత ఆకుపచ్చ, మిరుమిట్లు గొలిపే నీలం అచ్చులో మసకబారుతాయి కనుక అటువంటి రంగుల మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: సొంతంగా ఆలోచన రాక ఇతరుల డిజైన్లు చూసి అలాగే చేస్తున్నాను. తప్పు చేస్తున్నానేమోనని బెరుకుగా ఉంది.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇంట్లో కూర్చుని అభ్యాసం కోసం చేస్తే తప్పు లేదు. చేసినదాన్ని మీ పేరుతో బయటపెట్టడం, ఖాతాదారుకు అమ్మడం మాత్రం తప్పు. మన సంగీత విద్యార్థులు గురువు పాడినది ముందు అలాగే పాడి, మనోధర్మం తరువాత నేర్చుకుంటారు. అయితే ఎవరిని చూసి నేర్చుకుంటున్నామన్నది ముఖ్యం. నిన్న ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడినదానిని చూసి చేస్తే దాని పైమెరుగు ఒక్కటే పట్టుబడుతుంది. జ్యూరిక్ నగరంలోని టోన్‌హాలె సంగీత సభల కోసం 1950లలో స్విస్ డిజైనరు యోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ చేసిన పోస్టర్లను వెతికి చూడండి. కొన్ని వంపులు, కొన్ని గీతలు, ఒకటి రెండు సైజుల అక్షరాలు తప్ప వాటిలో ఏమీ ఉండదు. వాటిలో ఒకదాని అమరికను తీసుకుని, అందులో మీ ఊరి త్యాగరాజ ఆరాధనోత్సవాల సమాచారాన్ని తెలుగులో నింపండి. పొడవైన తెలుగు మాటలు అక్కడ ఇమడక ఇబ్బంది పెడతాయి. ఆ ఇబ్బందిని సర్దుకుంటూ మీరు చేసే ప్రతి మార్పూ మీ సొంత నిర్ణయమే అవుతుంది.

గీతలో పొదుపు నేర్చుకోవాలంటే అంత దూరం కూడా వెళ్లనక్కరలేదు. బాపు కార్టూన్ ఒకటి తీసుకుని, పైన పలుచని కాగితం వేసి, గీత గీతనూ దిద్దండి. వెనుక గోడ గానీ నేల గానీ గీయకుండానే ఆ మనిషి ఇంటి వసారాలో నిలబడ్డాడని మనకు ఎలా తెలిసిందో చేతికి అర్థమవుతుంది.

యాప్‌లలో దొరికే టెంప్లేట్ల గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. పుట్టినరోజు శుభాకాంక్షలకు వాటిని నిస్సంకోచంగా వాడుకోండి. ఒక వ్యాపారానికి చిహ్నం చేసేటప్పుడు మాత్రం వాడకండి, ఎందుకంటే అదే బొమ్మను మరెవరైనా వాడుకోవచ్చు, రేపు మీ ఖాతాదారు ట్రేడ్‌మార్కు నమోదు చేయించుకోవాలంటే చిక్కు వస్తుంది.

ప్రశ్న: చేసినవన్నీ ఫోనులోనే దాచుకుంటున్నాను. ఎవరికైనా చూపించాలంటే గుండె దడ. చూపించిన ఒకరిద్దరూ “బాగుంది” అంటారు, లేకపోతే “ఏదో తక్కువైంది” అంటారు. రెండూ ఉపయోగపడటం లేదు.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: “ఎలా ఉంది?” అని అడిగితే వచ్చే జవాబులు అవే. ఆ ప్రశ్నకు ఎదుటివారు మీ మనసు నొప్పించకుండా ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది, మీరు అందులో తీర్పు వెతుక్కుంటారు. ఫోనును ఐదు సెకన్లు చూపించి వెనక్కి తీసుకుని, “ఇది దేని గురించి? ఎప్పుడు?” అని అడగండి. చెప్పగలిగితే మీ డిజైను పని చేసింది, చెప్పలేకపోతే ఏ మాట వారి కంటికి అందలేదో మీకు అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ పద్ధతిలో మీ ప్రతిభ గురించి ఎవరూ ఏమీ అనవలసిన అవసరం రాదు కనుక దడ కూడా తగ్గుతుంది. డిజైను తెలిసినవారినే వెతుక్కోనక్కరలేదు. మీ పోస్టరు ఎవరి కోసమో వారే సరైన పరీక్షకులు. పొదుపు సంఘం సమావేశం గురించి చేసిన పోస్టరును ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన డిజైనరుకంటే మీ వీధిలోని సంఘం సభ్యురాలికి చూపించడం మేలు.

“ఏదో తక్కువైంది” అన్న మాట వినగానే కొత్తగా ఏదీ చేర్చకండి. చాలాసార్లు అక్కడ తక్కువైంది వస్తువు కాదు, సైజుల మధ్య తేడా. ముందు అన్నిటికంటే ముఖ్యమైన మాటను ఇప్పుడున్నదానికి రెట్టింపు చేసి అదే మనిషికి మళ్లీ చూపించండి. అప్పటికీ లోటు అనిపిస్తే అంచుల దగ్గర అన్ని వైపులా ఖాళీ సమానంగా ఉందో లేదో చూడండి, ఆ తరువాతే బొమ్మ గురించి ఆలోచించండి. ఒకసారి చూపించినప్పుడు ఒక్క మార్పే చేయడం మంచిది. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో మీకు తెలియదు.

అచ్చుకు పంపే ముందు తేదీని, ఆ తేదీన వచ్చే వారాన్ని, ఫోను నంబరును మీరు కాకుండా మరొకరి చేత బిగ్గరగా చదివించండి. నాలుగే వరుసలున్న పోస్టరులో ఒక అంకె తప్పు పడితే దాన్ని దాచడానికి ఎక్కడా చోటుండదు, దాని మీద కాగితం ముక్క అంటిస్తే మీరు అంత జాగ్రత్తగా వదిలిన ఖాళీలో అందరికీ మొదట కనబడేది అదే అవుతుంది.